వ్యాసానికి భయమెందుకప్పా

రాండన్నా, కూర్చోండి. టీ చెప్పినాను. ఆదోనిలో సాయంత్రం పూట ఇద్దరు మనుషులు కలిస్తే మాట పత్తి ధరతో మొదలై ఎమ్మెల్యే దగ్గర తేలడం మామూలే. ఈ పొద్దు ఆ రెండూ వద్దు, మీ ఇంటి సంగతి మాట్లాడుకుందాం. పిల్లకు లెక్కలొస్తాయి, సైన్సొస్తాది, ఫోనులో గంటలకొద్దీ మాట్లాడడమూ వస్తాది. వ్యాసం రాయమంటే మాత్రం పెన్ను మూత నోట్లో పెట్టుకుని గోడ దిక్కు చూస్తా కూర్చుంటాది. ఇది మీ ఇంట్లోనే అనుకోకండి. ఎమ్మిగనూరులోనూ ఇదే, కోసిగిలోనూ ఇదే. పక్కింటి పిల్లోడు గడగడా రాస్తాడు కదా అంటారేమో. ఆ గడగడ గైడుది, పిల్లోడిది కాదు.

గైడు వ్యాసం మీకు తెలియనిదా? మనమూ దాంతోనే పాసైనోళ్ళం. మొదటి వాక్యం "నేటి ఆధునిక యుగంలో" అని ఉంటాది. అది కాకపోతే "మానవుడు సంఘజీవి". నీటి పొదుపు గురించి రాసినా మానవుడు సంఘజీవే, గ్రంథాలయాల గురించి రాసినా సంఘజీవే. నడుమ లాభాలు ఐదు, నష్టాలు ఐదు, నంబర్లు వేసి. చివర "కావున మనమందరమూ పాటుపడవలెను". ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు సైడ్ హెడ్డింగులు స్కెచ్ పెన్నుతో రాసి కింద గీత కొడితే మార్కులు పడతాయి. పడతాయి, నేను కాదనను. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. రేపు అదే పిల్ల వీధి కొళాయికి నీళ్ళు రావడం లేదని కమిషనరుకు అర్జీ రాయాల్సి వస్తే, కాలేజీలో ప్రాజెక్టు రాయాల్సి వస్తే, మానవుడు సంఘజీవి అని మొదలు పెడతాదా? పెడతాది పాపం. ఇంకేం నేర్పినాం మనం?

ఒక్క ఉదాహరణ చెప్తా వినండి. 2015 నుంచి ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన తేదీ అది. ఆ రోజు బళ్ళలో వ్యాసరచన పోటీ ఉంటాది. ఎమ్మిగనూరులో ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఒకతి ఉందనుకోండి. ఆ పిల్ల ఏం రాస్తాది? ఢాకా మస్లిన్ చీర అగ్గిపెట్టెలో పట్టేదని రాస్తాది. గాంధీగారి రాట్నం రాస్తాది. పోచంపల్లి, వెంకటగిరి, ధర్మవరం వరసగా వస్తాయి. ఎమ్మిగనూరు రాదు! ఇంట్లో అవ్వ కండెలు చుట్టి చుట్టి వేళ్ళు కాయలు కాసింటాయి, తాత జీవితమంతా గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్నింటాడు. వ్యాసంలో మాత్రం అవ్వా ఉండదు, తాతా ఉండడు. గైడు రాసినాయన ఎమ్మిగనూరు చూడలేదు మరి. పిల్ల చూసింది. చూసింది రాయొచ్చని ఆ పిల్లకు చెప్పినోళ్ళు లేరు.

ఇది ఈ కాలపు పిల్లల రోగం, ఫోన్లొచ్చి చెడినారు అంటే నేను ఒప్పుకోను. మన ప్రాంతంలోనే రెండు వందల ఏళ్ళ కిందట ఒక కలెక్టరు ఇదే మాట కాగితం మీద పెట్టినాడు. ఆ కథ కొంచెం తీరిగ్గా చెప్పాల. టీ వచ్చింది, తీసుకోండి.

ఆదోని, ఎమ్మిగనూరు అప్పట్లో కర్నూలు జిల్లాలోవి కావు, బళ్ళారివి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి నుంచి తెగి కర్నూలుకు వచ్చినాయి, రాయదుర్గం అనంతపురానికి పోయింది. అంతకు ముందు మన తాతలకు కలెక్టరు కచేరి అంటే బళ్ళారే. 1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రోకు ఒక సందేహం వచ్చింది: మనం ఏలుతున్న ఈ దేశంలో బళ్ళు ఎన్ని, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు? మన్రో అంటే సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారని చెప్పుకునే ఆ దొరే, 1827లో మన పత్తికొండలో కలరా తగిలి పోయినాయన. జిల్లా కలెక్టర్లందరికీ ఆ ప్రశ్న పంపించినాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న జవాబు రాసినాడు. ఈయన తెలుగు వచ్చిన మనిషి. ఇంగ్లీషు వాళ్ళకోసం 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినాడు, తర్వాత నిఘంటువు కూడా.

జవాబులో ఏముంది? జిల్లా జనాభా 9,27,857. బళ్ళు 533. చదివే పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60 మంది. కన్నడం చెప్పే బళ్ళు 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారసీవి 21, తమిళానివి 4, ఇంగ్లీషుది ఒక్కటి. బ్రాహ్మణులు మాత్రమే చదివే శాస్త్రాల బళ్ళు ఇంకో 23. కూడి చూడండి, సరిగ్గా 533 వస్తాది. తెలుగూ కన్నడమూ ఎట్ల సమానంగా నిలబడినాయో చూసినారా? ఈ పొద్దుకీ ఆదోని బజారులో ఒక్క కొట్టు ముందు నిలబడితే తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ చెవిన పడతాయి.

లెక్క చెప్పి ఆగలేదు కాంబెల్. బడి రోజు ఎట్ల గడుస్తాదో రాసినాడు. పొద్దున ఆరు గంటలకు బడి. మొదట వచ్చిన పిల్లోడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, అది మర్యాద. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, వాడికి మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చేవాడికల్లా ఒక్కో దెబ్బ పెరుగుతా పోతాది. చివరన నిద్రమొగంతో వచ్చినోడి గతి మీరే ఊహించుకోండి! చదవని పిల్లోణ్ణి చేతులు కట్టి దూలానికి వేలాడదీసేవాళ్ళని, గుంజీళ్ళు తీయించేవాళ్ళని కూడా రాసినాడు. అక్షరాలు మొదట ఇసకలో వేలితో. తర్వాత చెక్క పలక మీదో, కడితం మీదో. కడితమంటే బొగ్గుపొడి, జిగురు కలిపి నల్లగా పూసి మడతలు మడతలుగా పెట్టిన గుడ్డ. దాని మీద బలపంతో రాసేవాళ్ళు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతి బాగుందని, ఇంగ్లండు వాళ్ళు దీన్ని చూసి నేర్చుకోవడం న్యాయమేనని మెచ్చుకున్నాడు. అదీ నిజమే. మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే పట్టుకుపోయి 1797లో పుస్తకం వేస్తే ఇంగ్లండులో "మద్రాసు పద్ధతి" అని పేరొచ్చింది.

మెచ్చుకున్న చేత్తోనే తప్పు కూడా చూపించినాడు. పిల్లలు పద్యాలకు పద్యాలు తప్పులేకుండా అప్పజెప్తారు, వాటి అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసు అన్నాడు. చదివే పుస్తకాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. చదువు గొంతులోనే ఆగిపోతా ఉంది, కాబట్టి ఆ పిల్లోడు మామూలు ఉత్తరం ఒకటి రాయాలన్నా చదవాలన్నా తడుముకుంటాడు అని ఆయన ఫిర్యాదు. అప్పుడు పద్యం, ఇప్పుడు గైడు. చిలక మాత్రం మారలేదు.

ఆ చిలక మాట కోసమే ఈ కథంతా చెప్పినాననుకోకండి. కాంబెల్ జవాబునే ఒక వ్యాసంగా తీసి చూడండి. వ్యాసం కట్టడం నేర్చుకోవాలంటే ఇంతకంటే దగ్గరి నమూనా నాకు కనపడలేదు. ఆయనకు ఒక ప్రశ్న వేసినారు. దానికి తిన్నగా జవాబుతో మొదలు పెట్టినాడు: ఇన్ని బళ్ళు, ఇంతమంది పిల్లలు. విద్య యొక్క ప్రాముఖ్యత అని అరపేజీ ఊదరగొట్టలేదు. ఎన్ని అని తెలిసినాక చదివేవాడికి ఎట్ల అనే ప్రశ్న పుడతాది. అప్పుడు బడి రోజును కళ్ళకు కట్టినాడు. ఎట్ల అని చూసినాక, బాగుందా లేదా అని అడగబుద్ధి అవుతాది. మంచి చెప్పినాడు, చెడు చెప్పినాడు. చెడు ఉందంటే, ఎందుకు? అక్కడ ఆయన రాసిన కారణం మన ఎమ్మిగనూరు వాళ్ళు ప్రత్యేకంగా వినాల్సింది. దేశం పేదదైపోతా ఉంది, విలాయతి బట్టల వల్ల ఇక్కడి నేతపని చేసేవాళ్ళకు బతుకుతెరువు తగ్గిపోయింది, బిడ్డలను బడికి పంపే శక్తి తల్లిదండ్రులకు లేదు, పంపినోళ్ళు కూడా నాలుగక్షరాలు రాకముందే మాన్పించి పనిలో పెడుతున్నారు అన్నాడు. ఉన్న 533 బళ్ళలో ఒక్కదానికి కూడా సర్కారు పైసా ఇవ్వడం లేదని, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నానని రాసినాడు. ఈస్టిండియా కుంపిణీ జీతం తింటా కుంపిణీ మీదే రాసినాడు. ఆ తర్వాత, ఏం చెయ్యాల అని తనకు తోచింది చెప్పి ముగించినాడు.

ఎన్ని, ఎట్ల, బాగుందా, ఎందుకు, ఏం చేద్దాం. చదివేవాడి నోట్లో ఏ ప్రశ్న పుడతాదో అదే తర్వాతి పేరా. వ్యాస నిర్మాణం అంటే నా దృష్టిలో ఇంతే. ఉపోద్ఘాతం, వివరణ, ముగింపు అని అల్మారాకు మూడు అరలు చేసిస్తే పిల్లకు ఏ అరలో ఏం పెట్టాలో తెలియదు. ఈ మాట తర్వాత మీ అవ్వ ఏమని అడుగుతాది అంటే వెంటనే తెలుస్తాది. అవ్వలు అడిగినట్ల ఏ పరీక్ష పేపరూ అడగదు కదా! కాంబెల్ జవాబును 1983లో ధరంపాల్ అనే ఆయన "ది బ్యూటిఫుల్ ట్రీ" అనే పుస్తకంలో మిగతా కలెక్టర్ల జవాబులతో కలిపి అచ్చువేసినాడు. ఆ పుస్తకం మీద పండితులు ఇప్పటికీ కొట్లాడుకుంటానే ఉన్నారు. వాళ్ళ కొట్లాట మనకొద్దు. ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లలుంటే బళ్ళారి జవాబు ఒక్కటి చదివించండి.

మళ్ళా మన ఎనిమిదో తరగతి పిల్ల దగ్గరికి వద్దాం. చేనేత మీద రాయాల. "చేనేత" అనేది విషయం. ప్రశ్న కాదు. విషయం ఇస్తే పిల్ల దిక్కులు చూస్తాది, ప్రశ్న ఇస్తే జవాబు వెతుకుతాది. కాబట్టి మొట్టమొదట ఆ విషయాన్ని ప్రశ్న చేయించండి. "మగ్గం సొంతమే, పనీ వచ్చు, అట్లాంటి మనిషికి సంఘం ఎందుకు అవసరమైంది?" ఎమ్మిగనూరులో ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతాది. మగ్గం ఉన్నా నూలు కొనడానికి డబ్బుండదు. సావుకారి నూలు అప్పిస్తాడు, నేసిన బట్ట ఆయనకే ఇయ్యాల, ధర ఆయన చెప్పిందే. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘం పెట్టినారు. సంఘమే నూలిచ్చేది, కూలిచ్చేది, బట్ట తీసుకుని అమ్ముకునేది. ఎమ్మిగనూరు దుప్పటి, టవలు దూర దేశాల దాకా పేరు మోసింది అట్లనే. 1954లో పద్మశ్రీ అనే బిరుదు మొదలైన మొదటి ఏడే సోమప్ప గారికి వచ్చింది.

ఇప్పుడు చూడండి. 1938 అనే ఏడును పిల్ల మొదటి వాక్యంలో పెడితే అది బట్టీ అంకె. సావుకారి కథ చెప్పినాక పెడితే, "అయితే ఎవరు ఏం చేసినారు?" అని అడిగినోడికి జవాబు. అంకె అదే, చోటు మారింది. 1954ను కూడా అట్లనే. పద్మశ్రీతో వ్యాసం మొదలు పెట్టాలని పిల్లలకు చేతులు దురద పెడతాయి. వద్దని చెప్పండి. మనిషి ఏం చేసినాడో తెలియకముందే బిరుదు చెప్తే చదివేవాడికి అది ఫ్లెక్సీ మీద పేరు మాదిరి కనపడతాది.

అవ్వను అడిగి రాసుకోమనండి. కండెలు చుట్టితే అప్పట్లో ఏమిచ్చేవాళ్ళు? ఎందుకు మానేసినావు? మగ్గం ఎప్పుడు అమ్మినారు? అవ్వ మాటలు రెండు అట్లాగే వ్యాసంలో పెడితే దిద్దే మాస్టరు కూడా ఒక్క నిమిషం ఆగి చదువుతాడు. పొద్దుటి నుంచి సంఘజీవి, సంఘజీవి అని చదివీ చదివీ విసిగిపోయిన మనిషి ఆయన.

మీది ఆదోని వైపు పల్లె అయితే ఇంకో ప్రశ్న ఇస్తాను. "నవంబరు దాటినాక మా తరగతిలో బెంచీలు ఎందుకు ఖాళీ అవుతాయి?" సుగ్గి వలస గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం దిక్కు పల్లెల్లో వానకాలం పంట అయిపోతే మూటా ముల్లె కట్టుకుని గుంటూరు మిరపకాయల కోతకు, తెలంగాణ పత్తి తీతకు, బెంగళూరు కట్టడాల పనికి పోతారు. పత్తికి పేరుమోసిన ఆదోని చుట్టుపక్కల వాళ్ళు వేరే వాళ్ళ పత్తి తీయడానికి పోతారు, చూడండి విచిత్రం. ముసలోళ్ళు ఇంటి దగ్గర ఉంటారు, పిల్లలు తల్లిదండ్రుల వెంట పోతారు. పోకుండా ఆపడానికి సీజనల్ హాస్టళ్ళని పెట్టినారు. ఈ వ్యాసం రాయడానికి గైడు యాడా దొరకదు. తరగతిలో అటెండెన్సు రిజిస్టరు ఉంది, దాంట్లో నెలనెలా పిల్లలు ఎంతమంది వచ్చినారో లెక్క తీయమనండి. కాంబెల్ చేసింది కూడా అదే కదా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాల. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర, దేశం మొత్తానికి 73 శాతం దగ్గర అని ఉంది. పిల్ల ఈ అంకె పట్టుకుని "కాబట్టి సుగ్గి వల్లే చదువు రాలేదు" అని రాసేస్తే అది తొందరపాటు. అంకె జిల్లాది, బెంచి మీ తరగతిది. రెండింటి నడుమ వానలున్నాయి, తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు చివరి పొలం దాకా రాకపోవడం ఉంది, అప్పులున్నాయి, ఆడపిల్లకు ఇంటిపని ఉంది. "ఒక కారణం ఇది" అని రాయడం నేర్పితే చాలు. పదమూడేళ్ళ పిల్ల "ఇది ఒక్కటే కారణం కాదు" అని రాసిందంటే సగం చదువు వచ్చినట్లే. మన టీవీ చర్చల్లో కూర్చునే పెద్దమనుషులకు ఆ ఒక్క వాక్యం ఇంకా రాలేదు.

పేరా సంగతి. ఒక పేరాలో ఒక సంగతే. పిల్లకు ఎట్ల తెలుస్తాదంటే, రాసిన పేరాను మూసి "దీంట్లో ఏం చెప్పినావే?" అని అడగండి. ఒక్క మాటలో చెప్పిందా, పేరా బాగుంది. "అదీ... ఇంకా... మళ్ళీ..." అని నీళ్ళు నమిలిందా, దాన్ని రెండు చెయ్యాల. నేను వ్యాసాలు చదివేటప్పుడు ఎవరి ముందైనా ఇదొక్కటే పరీక్ష పెడతాను, పెద్దవాళ్ళు రాసినా సరే. అమెరికాలో పిల్లలకు ఐదు పేరాల వ్యాసమని నేర్పుతారు: మొదట ఒకటి, నడుమ మూడు, చివర ఒకటి. మన వాళ్ళ పిల్లలు అక్కడ డల్లాసులో, న్యూజెర్సీలో దాన్నే రాస్తా ఉంటారు. మొదటి ఏడు అలవాటు కావడానికి మంచిదే. కారణాలు మూడే ఉంటాయని ఎవరు చెప్పినారు, ఒకదానికి రెండుంటాయి, ఇంకోదానికి ఆరుంటాయి. పిల్లకు కొంచెం చెయ్యి తిరిగినాక ఆ లెక్క మర్చిపోనిస్తే మేలు.

పొడుగు గురించి కూడా అడగబోతున్నారు కదా? "రెండు పేజీలు నింపాలంట సార్" అని. మన మార్కెట్ యార్డు మీరు ఎరుగుదురు. పత్తి కుప్ప పోస్తే కొనేవాడు పైన తెల్లగా ఉందా లేదా అని చూసి ఊరుకోడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి పిడికెడు లాగి చూస్తాడు. తూకం పెరగాలని నీళ్ళు చల్లి తెచ్చినారా, లోపల దొరికిపోతాది. తేమ 12 శాతం దాటితే పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ వాళ్ళు కొననే కొనరు. వ్యాసం దిద్దేవాడూ అంతే. "అత్యంత ప్రాముఖ్యత కలిగి ఉన్నదనడంలో ఎటువంటి సందేహమూ లేదు" అనేది తేమ. పిండితే "ముఖ్యం" అని ఒక్క మాట మిగులుతాది. పిల్ల రాసింది తీసుకుని అట్లాంటి మాటలు కొట్టేయించండి. పేజీన్నర ముప్పావు పేజీ అవుతాది, బాధ పడొద్దు. ఖాళీ అయిన చోట అవ్వ చెప్పిన మాట ఇంకొకటి పడతాది.

భాష మాట. మీ పిల్ల ఇంట్లో "యాడికి పోతివి", "ఎట్ల చేస్తివి" అంటాది, బడిలో "ఎక్కడికి వెళ్ళావు" అని రాయమంటారు. దానికే సగం ప్రాణం పోతాది. ముందు ఇంటి మాటలోనే రాయనీయండి. రఫ్ నోటుబుక్కులో, తప్పులతోనే. సంగతంతా బయటికొచ్చినాక బడి భాషలోకి మార్చుకుంటాది. రెండు పనులూ ఒకేసారి చెయ్యమంటే సంగతి లోపలే ఉండిపోతాది, భాష ఒక్కటే బయటికొస్తాది. తెలుగులో వ్యాసాలు మొదట రాసినోళ్ళలో ఒకరు స్వామినీన ముద్దునరసింహం నాయుడు గారు. ఆయన పోయినాక 1862లో అచ్చైన "హితసూచని"లో పిల్లల చదువు, పెళ్ళిళ్ళు, మూఢనమ్మకాలు, అన్నిటి గురించీ రాసినారు. పండితుల గ్రాంథికాన్ని పక్కన పెట్టి జనం మాట్లాడే మాటకు దగ్గరగా రాసినారు. ఆయన మున్సబు ఉద్యోగి. కచేరిలో జనం చెప్పుకునే గోడు వినీ వినీ ఆ భాష పట్టుబడిందేమో అని నాకొక ఊహ.

ఇంకొకాయన పేరు చెప్పకపోతే కర్నూలు వాళ్ళు నన్ను తిడతారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, 1883లో కర్నూలులో పుట్టినారు. "స్వరాజ్య" పత్రికలో 1908లో "విపరీత బుద్ధి" అని సంపాదకీయం రాసినందుకు తెల్లవాళ్ళు జైల్లో పెట్టినారు. మూడేళ్ళ శిక్ష. ఒక్క వ్యాసానికి! లాభాలు ఐదు నష్టాలు ఐదు అని రాసుంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. చెప్పదలచుకున్నది ఒకటే, దాన్ని శీర్షికలోనే పెట్టినారు. జైలు నుంచి వచ్చినాక ఆ మనిషే గ్రంథాలయాలనీ వయోజన విద్య అనీ ఊరూరా తిరిగినారు. శీర్షిక విషయంలో పిల్లలకు ఆయన్ను చూపించొచ్చు. "చేనేత" అని పెట్టడం కంటే "మా అవ్వ మగ్గం ఎందుకు అమ్మింది" అని పెడితే చదవబుద్ధి అవుతాదా లేదా, మీరే చెప్పండి.

ముగింపు ఎట్ల రాయాలని అడుగుతారు పిల్లలు. "కావున" లేకుండా ఆపమంటే వాళ్ళకు ఊపిరాడదు. నేను చెప్పేది ఒక్కటే: మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు వచ్చేసిందా? వచ్చింటే పెన్ను కింద పెట్టు. ఇంకా ఏమన్నా చెయ్యాలనిపిస్తే ఎవరు ఏం చెయ్యాలో పేరు పెట్టి రాయి. "ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి" అంటే ఎవరికీ తగలదు. "సీజనల్ హాస్టలు నవంబరు మొదట్లోనే తెరవాలి, డిసెంబరులో తెరిస్తే అప్పటికే ఊరు ఖాళీ అయింటాది" అంటే ఎవరో ఒకరికి తగులుతాది. పరీక్షలో మార్కులు తగ్గుతాయేమో అని మీకు భయం ఉంటే "కావున" అని ఒక ముక్క చేర్చుకోనీయండి, నేనేం కొట్లాడను.

ఇవన్నీ ఒక్క ఆదివారం నేర్పేద్దామని కూర్చోకండన్నా, పిల్ల పారిపోతాది. వారానికి ఒక ప్రశ్న, అర పేజీ జవాబు. ప్రశ్న కూడా మీరు ఇవ్వొద్దు, దాన్నే తెచ్చుకోమనండి. ఎమ్మిగనూరు సంతకు పోయినప్పుడు, ఆదోని కొండ కింద కోట గోడ చూసినప్పుడు, బస్టాండులో ఉగ్గాని బజ్జీ తింటున్నప్పుడు కూడా ప్రశ్నలు దొరుకుతాయి. ఉగ్గాని మన దిక్కున ఉన్నంతగా కోస్తాలో ఎందుకు లేదు? రాయమనండి చూద్దాం. జవాబు కోసం హోటలాయన్ను, బొరుగుల బట్టీ వాళ్ళను అడిగి రావాల్సి వస్తాది. వ్యాసంలో ముప్పావు వంతు పని అక్కడే అయిపోతాది, రాయడం మిగతా పావు వంతు.

రాసింది తెచ్చి చూపిస్తే మాత్రం ఎర్ర పెన్ను తీయొద్దు. ఒత్తులు, దీర్ఘాలు దిద్దడానికి బడిలో మాస్టరున్నాడు. మీరు చదివి, మీకు నిజంగా అర్థం కానిది ఒక్కటి అడగండి. "అవ్వ మగ్గం అమ్మిందన్నావు, ఎవరికి అమ్మింది?" అని. పిల్ల పోయి కనుక్కొచ్చి రాస్తాది. రెండోసారి రాసినదాన్ని కూడా మీరే మొదట చదవండి, మీకు చదవడం రాకపోతే పిల్లతోనే చదివించుకుని వినండి. ఇంకో టీ తాగుతారా?